టెస్ట్ కంప్రెషన్‌లో ఏది ఎంచుకోవాలి: కోడింగా, బ్రాడ్‌కాస్టా, రీసీడింగా?

డిఎఫ్‌టి (చిప్‌ను పరీక్షించడానికి వీలుగా డిజైన్ చేయడం) ప్లాన్ రాయడానికి కూర్చోగానే వచ్చే మొదటి ప్రశ్న "ఎన్ని రెట్లు కంప్రెషన్ పెడదాం?" అనే. అంటే చిప్‌ను పరీక్షించే యంత్రం (టెస్టర్) పంపే డేటాను, పట్టే సమయాన్ని ఎంతగా నొక్కాలని. దానికి జవాబు చెప్పేముందు తేలాల్సినవి మూడున్నాయి. ఒక్కో ప్యాటర్న్‌లో (ఒకసారి నింపే పరీక్ష విలువల్లో) కేర్ బిట్లు, అంటే విలువ కచ్చితంగా ఉండాల్సిన బిట్లు ఎన్ని, క్యాప్చర్ (సర్క్యూట్ జవాబును పట్టుకోవడం) తర్వాత ఫ్లాప్‌లలో (బిట్‌ను దాచే ఫ్లిప్-ఫ్లాప్‌లలో) ఎక్స్‌లు, అంటే ముందే చెప్పలేని విలువలు ఎన్ని, టెస్టర్‌కు ఇవ్వగలిగే పిన్నులు ఎన్ని. ఇవి తెలిస్తే పద్ధతి దాదాపు దానంతట అదే తేలిపోతుంది. తెలియకుండా వంద రెట్లని రాసుకుంటే, ఏటీపీజీ (ప్యాటర్న్‌లను తయారుచేసే టూల్) నడిపిన రోజున ఆ వంద కాస్తా ఎనభైకో ఇరవైకో దిగుతుంది.

ముందు ఒక లెక్క వేసుకుందాం. కింద చెప్పేదంతా దీనిమీదే నడుస్తుంది.

4,00,000 స్కాన్ ఫ్లాప్‌లున్న చిప్. స్కాన్ అంటే ఫ్లాప్‌లను చైన్లుగా కుట్టి, సైకిల్‌కు ఒక బిట్ చొప్పున విలువలను లోపలికి జరపడం (షిఫ్ట్). స్కాన్‌కు ఇన్‌పుట్ పిన్నులు 8, అవుట్‌పుట్ పిన్నులు 8. కంప్రెషన్ లేకపోతే 8 చైన్లు, ఒక్కోటి 50,000 ఫ్లాప్‌ల పొడవు. 5,000 ప్యాటర్న్‌లంటే 25 కోట్ల షిఫ్ట్ సైకిళ్లు. 50 మెగాహెర్ట్జ్ దగ్గర సైకిల్‌కు 20 నానోసెకన్లు కాబట్టి మొత్తం 5 సెకన్లు. ఉత్పత్తిలో ఒక్కో చిప్‌కు కేవలం స్కాన్‌కే 5 సెకన్లంటే ఎవరూ ఒప్పుకోరు. పైగా ప్రతి టెస్టర్ ఛానల్‌కూ 25 కోట్ల వెక్టర్ల మెమరీ కావాలి.

ఇప్పుడు అవే 8 పిన్నుల వెనక 800 లోపలి చైన్లు పెట్టండి. చైన్ పొడవు 500. డీకంప్రెసర్ (పిన్నుల బిట్లను చైన్లకు విప్పి పంచే సర్క్యూట్) సర్దుకోవడానికి ఇంకో 5 సైకిళ్లు కలిపితే 505. కంప్రెషన్ వల్ల ప్యాటర్న్‌లు కొంచెం పెరుగుతాయి, 6,000 అనుకుందాం. అప్పుడు 30,30,000 సైకిళ్లు, అంటే 0.06 సెకను. చైన్ల నిష్పత్తి 100 రెట్లైనా, చేతికొచ్చేది సుమారు 82 రెట్లు. ఈ రెండు అంకెలనూ ఎప్పుడూ వేరువేరుగా రాసుకోండి. డేటాషీట్లలో కనిపించేది మొదటిది, టెస్ట్ ఖర్చును తగ్గించేది రెండోది.

ఇంత నొక్కడం ఎలా కుదురుతుందంటే, ఏటీపీజీ ఒక లోపాన్ని పట్టుకోవడానికి నిజంగా నిర్ణయించాల్సిన బిట్లు చాలా కొద్ది. మొత్తం ఫ్లాప్‌లలో మామూలుగా 1 నుంచి 5 శాతమే కేర్ బిట్లు, అదీ మొదటి ప్యాటర్న్‌లలో. చివరికొచ్చేసరికి అంతకన్నా బాగా తగ్గిపోతాయి. మిగతావన్నీ ఏ విలువైనా పర్వాలేని బిట్లు. కంప్రెషన్ పద్ధతులన్నీ బతికేది ఆ ఖాళీ మీదే.

చిన్న చిప్‌కు కంప్రెషన్ అవసరమా?

5,000 ఫ్లాప్‌లు, 4 చైన్లు, 400 ప్యాటర్న్‌లున్న మిక్స్‌డ్ సిగ్నల్ చిప్ తీసుకోండి. 1,250 × 400 అంటే 5 లక్షల సైకిళ్లు. 20 మెగాహెర్ట్జ్ దగ్గర 25 మిల్లీసెకన్లు. పది రెట్లు నొక్కినా మిగిలేది 22 మిల్లీసెకన్లే. అనలాగ్ పరీక్షలే సెకన్లు తినే చిప్‌లో దానికోసం డీకంప్రెసర్, మాస్క్ రిజిస్టర్లు, అదనపు వెరిఫికేషన్ తలకెత్తుకోవడం దండగ. అదే చిప్‌కు ఒక ఇన్‌పుట్, ఒక అవుట్‌పుట్ మాత్రమే దొరికితే 20 లక్షల సైకిళ్లు, 100 మిల్లీసెకన్లు అవుతుంది. అప్పుడు ఆలోచించవచ్చు.

టెస్టర్‌లోని వెక్టర్ రిపీట్ సదుపాయాన్నో, ప్యాటర్న్ ఫైళ్లను జిప్ చేయడాన్నో కంప్రెషన్‌గా లెక్కేయకండి. మెమరీయో డిస్కో మిగులుతుంది గానీ షిఫ్ట్ సైకిల్ ఒక్కటి కూడా తగ్గదు.

కోడింగ్ పద్ధతులు: గోలంబ్, ఎఫ్‌డిఆర్, హఫ్‌మన్

టెస్ట్ సెట్ బిట్లను చిన్న కోడ్‌లుగా రాసి, చిప్‌లోని డీకోడర్‌తో విప్పే పద్ధతులివి. ఎం.టెక్ ప్రాజెక్టులకు ఎక్కువగా ఎంచుకునేవి ఇవే. కారణం కూడా సబబే: ఏటీపీజీ టూల్ లోపలికి వెళ్లనక్కర్లేదు, టెస్ట్ సెట్ చేతిలో ఉంటే చాలు. ఐఎస్‌సీఏఎస్ 89 అనే నమూనా సర్క్యూట్లకు మింటెస్ట్ టూల్ ఇచ్చిన టెస్ట్ సెట్లు దీనికి అలవాటైన కొలబద్ద. ఎస్13207కు 1,65,200 బిట్లు, ఎస్38584కు 1,99,104 బిట్లు.

గోలంబ్ కోడ్ వరసగా వచ్చే సున్నాల్ని లెక్కపెడుతుంది. గ్రూప్ సైజు 4 అనుకోండి. తొమ్మిది సున్నాల తర్వాత ఒక 1 వచ్చిందంటే, 9ని 4తో భాగిస్తే భాగఫలం 2, శేషం 1. భాగఫలానికి 110, శేషానికి 01, కోడ్ 11001. పది బిట్లు ఐదయ్యాయి. అదే ఎఫ్‌డిఆర్‌లో (2, 4, 8 అంటూ గ్రూపులు రెట్టింపయ్యే కోడ్) తొమ్మిది సున్నాలు మూడో గ్రూపులో పడతాయి, కోడ్ 110011, ఆరు బిట్లు. ఇక్కడ గోలంబ్ ఒక బిట్ మిగిల్చింది కదా అని అదే మేలనుకోకూడదు. గోలంబ్‌లో సున్నాల వరస పెరిగేకొద్దీ కోడ్ కూడా అదే దామాషాలో పొడుగవుతుంది, ఎఫ్‌డిఆర్‌లో లాగరిథం లెక్కన మెల్లగా పెరుగుతుంది. పొడవైన వరసలు ఎక్కువున్న సెట్‌కు ఎఫ్‌డిఆర్, మధ్యరకం వరసలు ఒక పరిమాణం చుట్టూ గుమిగూడితే గోలంబ్. హఫ్‌మన్ వాడాలంటే ముందుగా సెట్‌ను సమాన బ్లాకులుగా కోసి, తరచుగా వచ్చే కొన్ని బ్లాకులకే కోడ్ ఇచ్చి, మిగతావాటిని ఉన్నవి ఉన్నట్టు పంపాలి. అన్నిటికీ కోడ్ ఇస్తే డీకోడర్ ఊరికే పెరిగిపోతుంది.

వీటి ఇబ్బంది అంకెల్లో కనిపించదు. ఒక కోడ్ లోపలికి వెళ్తే బయటికి ఎన్ని బిట్లు వస్తాయో డేటాను బట్టి మారుతుంది. ఐదు బిట్లు తీసుకున్న డీకోడర్ పది సైకిళ్లపాటు షిఫ్ట్ చేయాల్సి వస్తే టెస్టర్ ఆగి కూర్చోవాలి. ఉత్పత్తి టెస్టర్లు ఒక లయలో వెక్టర్లు పంపేలా తయారైనవి. చిప్ "ఆగు" అంటే ఆగడం వాటికి నప్పదు. రెండో ఇబ్బంది, ఒక డీకోడర్ ఒకే బిట్ ప్రవాహాన్ని ఇస్తుంది. వందల చైన్లకు వందల డీకోడర్లు పెట్టలేం.

అందుకే 800 చైన్ల చిప్‌కు వీటిని సిఫారసు చేయను. ఇవి అక్కరకొచ్చేది నెట్‌లిస్ట్ (గేట్ల, తీగల జాబితా) ఇవ్వకుండా, తయారైన టెస్ట్ సెట్‌ను మాత్రమే ఇచ్చే ఐపీ కోర్ల (బయట కొనే సిద్ధం బ్లాకుల) దగ్గర. షిఫ్ట్ పవర్ విషయంలో కూడా వీటికో మేలుంది: ఖాళీలన్నీ సున్నాలతో నింపుతారు కాబట్టి చైన్లలో మార్పులు తక్కువ.

బ్రాడ్‌కాస్ట్, ఇల్లినాయ్ స్కాన్

అన్నిటికన్నా సులువైన హార్డ్‌వేర్ ఇది. ఒక పిన్నునుంచి వంద చైన్లకు అవే బిట్లు పోతాయి. డీకంప్రెసర్ అంటే తీగ మాత్రమే. ఒకే లోతులో ఉన్న వంద ఫ్లాప్‌లకూ ఒకే విలువ వెళ్లడమే దీని పరిమితి. ఒక లోపానికి మూడో చైన్‌లో 17వ ఫ్లాప్ 1 గానూ, తొమ్మిదో చైన్‌లో 17వ ఫ్లాప్ 0 గానూ కావాల్సి వస్తే, రెండూ ఒకే పిన్ను కిందుంటే, ఆ లోపం ఈ మోడ్‌లో దొరకదు. దానికోసం ఇల్లినాయ్ స్కాన్‌లో రెండో మోడ్ ఉంటుంది: చైన్లన్నీ కలిపి పొడవుగా చేసి మామూలు స్కాన్‌లా నింపడం.

ఆ రెండో మోడ్ ఎంత ఖరీదో లెక్కేయకుండా బ్రాడ్‌కాస్ట్‌ను ఒప్పుకోవద్దు. మన చిప్‌లో 200 ప్యాటర్న్‌లు మాత్రమే సీరియల్ మోడ్‌కు మిగిలాయనుకోండి. 200 × 50,000 అంటే కోటి సైకిళ్లు, 0.2 సెకను. కంప్రెస్ చేసిన 6,000 ప్యాటర్న్‌లన్నిటికీ పట్టింది 0.06 సెకనే. అంటే మిగిలిపోయిన ఆ రెండువందలే టెస్ట్ సమయంలో మూడొంతులకు పైగా తినేస్తున్నాయి. కంప్రెషన్ నిష్పత్తిని ఇంకో రెట్టింపు చేసినా ఈ కోటి సైకిళ్లు కదలవు.

దీన్ని సరిచేయడానికే చైన్ల గుంపుల్ని షిఫ్ట్ నడుస్తుండగానే మార్చే మల్టీప్లెక్సర్ పద్ధతులొచ్చాయి. సినాప్సిస్ డిఎఫ్‌టిమాక్స్‌లోని అడాప్టివ్ స్కాన్ ఆ కోవకు చెందినదే. ఒక గుంపులో ఢీకొన్న రెండు చైన్లు ఇంకో గుంపులో వేరువేరు పిన్నులకు వెళ్తాయి. హార్డ్‌వేర్ కొద్దిగానే పెరుగుతుంది, సీరియల్‌కు మిగిలేవి బాగా తగ్గుతాయి. 10 నుంచి 40 రెట్లు చాలనుకునే డిజైన్లకు ఇది చక్కటి ఎంపిక. సీక్వెన్షియల్ డీకంప్రెసర్ లేదు కాబట్టి వెరిఫికేషన్ తొందరగా ముగుస్తుంది, తప్పు పట్టుకోవడం తేలిక.

రీసీడింగ్, రింగ్ జనరేటర్

1991లో క్యోనెమన్ చూపిన ఆలోచన ఇది: ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్ (ఎక్స్‌ఓఆర్ ఫీడ్‌బ్యాక్ ఉన్న షిఫ్ట్ రిజిస్టర్) విప్పి చూస్తే ప్రతి స్కాన్ ఫ్లాప్ విలువా సీడ్ (అందులో మొదట నింపే విలువ) బిట్ల ఎక్స్‌ఓఆర్ మొత్తమే. కేర్ బిట్ ఒక్కోటీ ఒక సమీకరణం. వాటిని సాధిస్తే సీడ్ దొరుకుతుంది. ఒక ప్యాటర్న్‌లో గరిష్ఠంగా s కేర్ బిట్లుంటే s+20 బిట్ల ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్ పెట్టాలి. అప్పుడు సమీకరణాలు తెగకపోయే అవకాశం పది లక్షల్లో ఒకటికన్నా తక్కువ.

లెక్క అందంగానే ఉంది కానీ ఖర్చుంది. ఒక ప్యాటర్న్‌కు 300 కేర్ బిట్లున్నాయని 320 బిట్ల సీడ్ పెడితే, 30 కేర్ బిట్లే ఉన్న మిగతా ప్యాటర్న్‌లకు కూడా 320 బిట్లే పంపాలి. పదింట తొమ్మిది వంతులు వృథా. ఈ వృథాను పోగొట్టింది, సీడ్‌ను ఒక్కసారిగా నింపకుండా షిఫ్ట్ సైకిల్ సైకిల్‌కూ కొత్త బిట్లను చేర్చుకుంటూ పోయే పద్ధతి. మెంటర్ గ్రాఫిక్స్ టెస్ట్‌కంప్రెస్, అంటే ఇప్పటి సీమెన్స్ టెసెంట్‌లోని ఈడీటీ, దీనిమీదే నడుస్తుంది. పిన్నులనుంచి వచ్చిన బిట్లు రింగ్ జనరేటర్‌లోకి (ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటిదే) చేరతాయి, అక్కణ్ణుంచి ఫేజ్ షిఫ్టర్ (ఎక్స్‌ఓఆర్ గేట్ల వల) గుండా చైన్లకు వెళ్తాయి.

దీని సామర్థ్యం చేత్తో లెక్కవేయవచ్చు. 8 ఛానళ్లు × 505 సైకిళ్లు = 4,040 వేరియబుల్స్, అంటే మన చేతిలో ఉన్న ఇన్‌పుట్ బిట్లు. అందులో తొంభై శాతం కేర్ బిట్లకు వాడుకున్నా ప్యాటర్న్‌కు సుమారు 3,600. మన చిప్‌లో 1 శాతమంటేనే 4,000 కేర్ బిట్లు. అంటే మొదటి ప్యాటర్న్‌లలో ఏటీపీజీ కలపగలిగినన్ని లోపాలను కలపలేక కొన్నిటిని తర్వాతి ప్యాటర్న్‌కు నెడుతుంది. 5,000 ప్యాటర్న్‌లు 6,000 అయ్యేది ఇందుకే. నిష్పత్తి 400కు పెంచితే చైన్ పొడవు 125, వేరియబుల్స్ 130 × 8 = 1,040కి పడిపోతాయి. ప్యాటర్న్‌లు ఎగబాకుతాయి, చైన్ పొడవు తగ్గించి మిగిల్చింది అక్కడే పోతుంది.

ఇంకో సూక్ష్మం ఉంది. వేరియబుల్స్ మొత్తం సరిపోయినా, షిఫ్ట్ మొదట్లో చేరినవి కొద్దే. ముందుగా లోపలికెళ్లే బిట్లు చైన్ చివరి ఫ్లాప్‌లకు చేరతాయి కాబట్టి, అక్కడ కేర్ బిట్లు ఒత్తుగా ఉంటే సమీకరణాలు తెగవు. పైన 5 సైకిళ్లు అదనంగా పెట్టింది ఈ కారణానికే. వాటిని తీసేసి సమయం మిగుల్చుదామని చూడకండి.

హార్డ్‌వేర్ ధర భయపెట్టేంత కాదు. చైన్‌కు కొన్ని గేట్లు, దానికి తోడు కొన్ని పదుల ఫ్లాప్‌ల రింగ్ జనరేటర్, మాస్క్ రిజిస్టర్లు. 4 లక్షల ఫ్లాప్‌ల డిజైన్‌లో అది కనిపించను కూడా కనిపించదు. అసలు ఖర్చు తీగలది. చిప్ నాలుగు మూలల్లోని 800 చైన్లను మధ్యలో ఒక్క డీకంప్రెసర్‌కు లాగితే రౌటింగ్ ఇరుకవుతుంది. బ్లాక్‌కు ఒకటి చొప్పున పెట్టడం మంచిది.

అసలు తేడా తెచ్చేది అవుట్‌పుట్ వైపే

ఇన్‌పుట్ వైపు ఏ పద్ధతైనా ఏదోలా నెగ్గుకొస్తుంది. చాలా డిజైన్లలో కవరేజీని, ప్యాటర్న్ సంఖ్యను నిజంగా దెబ్బతీసేవి ఎక్స్‌లు. మొదలుపెట్టని మెమరీలు, స్కాన్‌లో లేని ఫ్లాప్‌లు, అనలాగ్ బ్లాకుల అవుట్‌పుట్లు, క్లాక్ డొమైన్ల మధ్య దారులు, అట్-స్పీడ్ టెస్ట్‌లో (చిప్ అసలు వేగంతో చేసే పరీక్షలో) ఫాల్స్ పాత్‌లు (నిజంగా వాడని దారులు), మల్టీసైకిల్ పాత్‌లు (ఒకటికి మించి సైకిళ్లు పట్టే దారులు) వీటి పుట్టిళ్లు.

వంద చైన్లను ఎక్స్‌ఓఆర్ చెట్టుతో ఒక పిన్నుకు తెస్తే, ఆ సైకిల్‌లో ఒక్క ఎక్స్ వచ్చినా మిగతా 99 ఫ్లాప్‌ల విలువలు కనిపించవు. ఫ్లాప్‌లలో 0.1 శాతం ఎక్స్‌లు అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి ఉంటే వందకు 90 సైకిళ్లు శుభ్రంగా ఉంటాయి. అది 1 శాతమైతే శుభ్రంగా ఉండేవి 37 సైకిళ్లే. పదిరెట్లు పెరిగిన ఎక్స్‌లు చూడగలిగినదాన్ని సగానికన్నా తక్కువకు తెచ్చాయి.

ఇక్కడ మూడు దారులున్నాయి. మాస్కింగ్ ఉన్న ఎక్స్‌ఓఆర్ కంపాక్టర్ (చైన్ల జవాబులను కొద్ది పిన్నులకు కుదించే సర్క్యూట్) ఎక్స్ వచ్చే చైన్‌ను మూసేస్తుంది. ఎక్స్‌లు కొన్ని చైన్లలోనే పోగుపడి ఉంటే అద్భుతంగా పనిచేస్తుంది. ఎక్స్‌లు చెదిరి ఉంటే మాస్క్ బిట్లే ఇన్‌పుట్ డేటాలో వాటా అడుగుతాయి. అందుకే ఎక్స్ పట్టే ఫ్లాప్‌లను ముందే గుర్తించి కొన్ని చైన్లలో విడిగా కుట్టించడం ఎంతో మేలు. ఇది స్కాన్ స్టిచింగ్ వేళ గంట పని. తర్వాత గుర్తొస్తే లేఅవుట్ మళ్లీ చేయాలి.

రెండోది ఎక్స్-కాంపాక్ట్, 2002లో ఇంటెల్ నుంచి వచ్చింది. ప్రతి చైన్‌ను ఒకటికి మించి అవుట్‌పుట్లకు కలుపుతారు. 8 అవుట్‌పుట్లలో ఒక్కో చైన్ వేరువేరు మూడింటికి వెళ్లేలా చేస్తే 56 చైన్లు పడతాయి. 10 అవుట్‌పుట్లలో ఐదేసి చొప్పున 252 పడతాయి. ఏ రెండు చైన్ల తప్పులూ ఒకదాన్నొకటి పూర్తిగా చెరిపేయవు. ఒక సైకిల్‌లో ఒక ఎక్స్ ఉన్నా ఇంకో చైన్‌లోని తప్పు ఏదో ఒక పిన్నులో బయటపడుతుంది. అవుట్‌పుట్ పిన్నులకు కరువు లేకపోతే, ఎక్స్‌లు తక్కువగా చెదిరి ఉంటే దీన్నే ఎంచుకోండి.

మూడోది ఎంఐఎస్‌ఆర్. జవాబునంతా ఒక సిగ్నేచర్‌గా మడిచేస్తుంది. 32 బిట్లదైతే తప్పు దాగిపోయే అవకాశం సుమారు 429 కోట్లలో ఒకటి. అవుట్‌పుట్ డేటా దాదాపు సున్నా. కానీ ఒక్క ఎక్స్ లోపలికి పోతే ఆపైన సిగ్నేచర్ అంతా చెడుతుంది, మళ్లీ రీసెట్ చేసేదాకా బాగుపడదు. ఎక్స్‌లన్నిటినీ డిజైన్‌లోనే కట్టేస్తామని ఆర్‌టీఎల్ (డిజైన్ కోడ్) రాసే బృందం మాటిస్తేనే దీని జోలికి వెళ్లాలి. డయాగ్నసిస్‌కూ ఇది కష్టమే. సిగ్నేచర్ తేడా వచ్చిందని తెలుస్తుంది, ఏ ఫ్లాప్ అన్నది మళ్లీ నడిపి బయటికి తీస్తే గానీ తెలియదు. కొత్త ప్రాసెస్ నోడ్‌లో, ఈల్డ్ (మంచి చిప్‌ల శాతం) ఇంకా కుదురుకోని ఉత్పత్తికి ఎక్స్‌ఓఆర్ కంపాక్టరే నయం.

కారు ఎలక్ట్రానిక్స్‌కు వెళ్లే చిప్ అయితే లెక్క వేరు. ఐఎస్ఓ 26262 (వాహన ఎలక్ట్రానిక్స్ భద్రతా ప్రమాణం) కింద బండి నడుస్తున్న రోజుల్లోనూ చిప్ తనను తాను పరీక్షించుకోవాల్సి రావచ్చు; టెస్టర్ పక్కన ఉండదు. ఎల్‌బిస్ట్ (చిప్ లోపలే జరిగే లాజిక్ స్వీయపరీక్ష) తప్పదు, కాబట్టి ఎంఐఎస్‌ఆర్ తప్పదు, కాబట్టి ఎక్స్ కట్టడి ఎలాగూ చేయాలి. అలాంటప్పుడు డీకంప్రెసర్‌నే ఎల్‌బిస్ట్ ప్యాటర్న్ జనరేటర్‌గా వాడే హైబ్రిడ్ సరైనది. ఎల్‌బిస్ట్ ఒక్కదానితో ఉత్పత్తి పరీక్ష సరిపెట్టేద్దామనుకోకండి: 20 ఇన్‌పుట్ల యాండ్ గేటుకు అన్నీ 1లు యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 10,48,576లో ఒకటి. పదివేల ప్యాటర్న్‌లు నడిపినా అది దొరకడం నూటికి ఒకటి వంతే.

పవర్, ఆపై తరచుగా జరిగే పొరపాట్లు

రింగ్ జనరేటర్ ఖాళీ బిట్లను యాదృచ్ఛికంలాంటి విలువలతో నింపుతుంది. షిఫ్ట్ చేస్తుంటే సైకిల్‌కు సగం ఫ్లాప్‌లు మారుతుంటాయి. వోల్టేజ్ పడిపోయి మంచి చిప్ కూడా ఫెయిలవుతుంది. లో-పవర్ మోడ్‌తో కొన్ని చైన్లకు స్థిరమైన విలువలు పంపవచ్చు, కానీ వాటిలో కేర్ బిట్లు పెట్టలేం కాబట్టి ప్యాటర్న్‌లు పెరుగుతాయి. బ్లాకుల షిఫ్ట్ క్లాక్ అంచులను కొంచెం కొంచెం జరపడం చౌకైన మందు. ముందు అది చేసి చూడండి.

చైన్లు సమానంగా లేకపోతే పొడవైనదే అందరి సమయాన్నీ నిర్ణయిస్తుంది. 799 చైన్లు 500 పొడవుండి, ఒకే ఒక్కటి 700 ఉన్నా అందరూ 700 షిఫ్ట్ చేయాలి. టెస్ట్ సమయం 40 శాతం పెరిగినట్టే. హార్డ్ మాక్రోల లోపలి చైన్లు ఈ పని చేస్తుంటాయి. డీకంప్రెసర్‌కూ మొదటి ఫ్లాప్‌కూ మధ్య, చివరి ఫ్లాప్‌కూ కంపాక్టర్‌కూ మధ్య క్లాక్ స్క్యూ (క్లాక్ చేరే సమయాల్లో తేడా) ఉంటే లాకప్ లాచ్ (బిట్‌ను అర సైకిల్ పట్టి ఉంచే లాచ్) ఉండాల్సిందే. ఒకే చైన్‌లో రెండు అంచుల ఫ్లాప్‌లుంటే ఫాలింగ్ ఎడ్జ్‌వి ముందు పెట్టాలి.

నిష్పత్తి ఖరారు చేసేముందు అదే నెట్‌లిస్ట్‌పై 50, 100, 200 రెట్లతో మూడుసార్లు ఏటీపీజీ నడపండి. స్టక్-అట్ (ఒకే విలువకు అతుక్కుపోయిన) లోపాలకు మాత్రమే కాక ట్రాన్సిషన్ (విలువ ఆలస్యంగా మారే) లోపాలకు కూడా, ఎందుకంటే ప్యాటర్న్‌లు ఎక్కువయ్యేది అక్కడే. ఫాల్స్ పాత్ ఫైలు కూడా ఇచ్చి నడపండి. అది లేకుండా వచ్చిన కవరేజీ తర్వాత నిలవదు. ప్యాటర్న్‌లు × షిఫ్ట్ సైకిళ్లు లెక్కవేసి, నిష్పత్తి పెంచినా ఆ మొత్తం పెద్దగా తగ్గని చోట ఆగిపోండి. అంతకు మించి పెంచితే డయాగ్నసిస్ కష్టమవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఒకేలాంటి కోర్లు చాలా ఉన్న పెద్ద చిప్‌లో పిన్నులు కోర్‌కోర్‌కూ పంచే బదులు, ప్యాకెట్లుగా డేటా పంపే స్కాన్ నెట్‌వర్క్ చూడండి. 2020లో వచ్చిన టెసెంట్ స్ట్రీమింగ్ స్కాన్ నెట్‌వర్క్ అలాంటిది. ఒకే డేటాను అన్ని కోర్లకూ పంపి, జవాబును చిప్ లోపలే పోల్చుకోగలదు. కోర్ల సంఖ్య పెరిగినా పిన్నుల కోసం పేచీ ఉండదు.

ఏ పద్ధతి తీసుకున్నా బైపాస్ మోడ్ (డీకంప్రెసర్‌ను దాటేసే దారి) ఉంచండి, సీరియల్ సిమ్యులేషన్ (బిట్లను పిన్ను నుంచే ఒక్కొక్కటిగా జరిపేది) చేయండి. ప్యారలల్ లోడ్ సిమ్యులేషన్ విలువలను నేరుగా ఫ్లాప్‌లలో పెట్టేస్తుంది. డీకంప్రెసర్‌ను ముట్టుకోను కూడా ముట్టుకోదు. పిన్ను దగ్గరి పైప్‌లైన్ ఫ్లాప్‌లు ఆర్‌టీఎల్‌లో రెండుండి, టెస్ట్ ప్రొసీజర్ ఫైలులో ఒకటని రాసుంటే ప్యారలల్‌లో అన్నీ పాసై, సిలికాన్‌మీద మొదటి ప్యాటర్న్ నుంచే అన్నీ ఫెయిలవుతాయి. చైన్ టెస్ట్ పూర్తిగా, స్కాన్ ప్యాటర్న్‌లు కనీసం ఐదారు, ఎస్‌డిఎఫ్ టైమింగ్‌తో (గేట్ల, తీగల ఆలస్యాలతో), స్లో కార్నర్‌లోనూ ఫాస్ట్ కార్నర్‌లోనూ సీరియల్‌గా నడిపి చూశాకే టేపవుట్‌కు (డిజైన్‌ను తయారీకి పంపడానికి) ఒప్పుకోండి.